హైవే మెషీన్ దగ్గర మీ అడాప్టర్ ఎందుకు మొరాయిస్తోందంటే

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరండి. హైస్కూల్లో లెక్కల మాస్టార్ని. స్కూలుకీ, అప్పుడప్పుడూ భీమవరానికీ తిరగడానికి ఈమధ్య 2019 మోడల్ టాటా టిగోర్ ఈవీ, ఎలక్ట్రిక్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. అంతకుముందు ఏదో గవర్నమెంటు ఆఫీసుకి అద్దెకు తిరిగిన బండి. దీని ఫాస్ట్ ఛార్జింగ్ సాకెట్ జీబీ/టీ రకం, హైవే మీద ఉన్నవన్నీ సీసీఎస్ 2 అనే వేరే రకం గన్నులు (కారుకి తగిలించే ప్లగ్గులు). అమ్మినతను అడాప్టర్ కొనుక్కుంటే ఎక్కడైనా ఛార్జింగ్ పెట్టుకోవచ్చన్నాడు. ఆన్‌లైన్‌లో అరవై వేలు పోసి తెప్పించాను. రావులపాలెంలోనూ తణుకులోనూ చూశాను. గన్ను పట్టుకుంటుంది, అడాప్టర్ మీద పచ్చ లైటు వెలుగుతుంది, స్క్రీన్ మీద 'ప్రిపేరింగ్' అని వస్తుంది, కాసేపటికి ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. భీమవరంలో ఒక మెకానిక్ అడాప్టర్‌లో సాఫ్ట్‌వేర్ మారిస్తే ఎక్కుతుందంటున్నాడు, చేయించమంటారా? మా తోడల్లుడి నెక్సాన్ ఈవీకి అడాప్టరే లేదు, అయినా వానలప్పుడు ఒక్కోసారి 'ఇన్సులేషన్' అని వచ్చి ఆగిపోతోంది. మరి తప్పు మెషీన్లదేనా? అమెరికాలో ఉన్న మా బావమరిది అక్కడ చాలామంది అడాప్టర్‌తోనే ఫాస్ట్ ఛార్జింగ్ చేసుకుంటున్నారంటాడు. ఇంకోటి, ఇంట్లో మామూలు సాకెట్‌కి కన్వర్టర్ ప్లగ్గు తగిలించి రాత్రిళ్లు ఛార్జింగ్ పెడుతున్నాను, రెండు మూడు రోజులుగా కాలిన వాసన వస్తోంది. వచ్చే నెల ఇంటిల్లిపాదీ అన్నవరం వెళ్దామనుకుంటున్నాం, ఈ కారులో వెళ్లొచ్చా?

జవాబు: మాస్టారూ, మీరు అన్నిటికంటే చివర్లో రాసిన కాలిన వాసన సంగతే అన్నిటికంటే ముందు చూడాల్సింది. ఈ రాత్రికి ఆ కన్వర్టర్ ప్లగ్గులో కారు పెట్టకండి. దాని గురించి కింద వివరంగా చెప్తాను. రెండోది, ఆ మెకానిక్‌ని అడాప్టర్ మీద చెయ్యి వెయ్యనివ్వకండి. మూడోది, అడాప్టర్‌ని వాపసు పంపే పని ఇవాళే మొదలుపెట్టండి, ఎందుకంటే దానికి రిపేరు అవసరం లేదు, అది చెడిపోలేదు. కారూ చెడిపోలేదు, రావులపాలెం మెషీనూ చెడిపోలేదు. ఆ మెషీను ఇచ్చే వోల్టేజీ వేరు, మీ కారు పుచ్చుకునే వోల్టేజీ వేరు, మధ్యలో ఎన్ని అడాప్టర్లు పెట్టినా ఆ తేడా అలాగే ఉంటుంది.

మీ కారు 72 వోల్టుల బండి. 2017లో ఈఈఎస్ఎల్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ పదివేల ఎలక్ట్రిక్ కార్లకి టెండరు పిలిచింది, టాటా వాళ్ల పాత టిగోర్ ఈవీ, మహీంద్రా వాళ్ల ఈ-వెరిటో అందులోంచి ఆఫీసులకి అద్దెకి వెళ్లినవే. అప్పటికి మన దేశంలో ఫాస్ట్ ఛార్జింగ్‌కి 'భారత్ డీసీ 001' అని ఒక పద్ధతి పెట్టుకున్నారు. గన్ను ఆకారం చైనా వాళ్ల జీబీ/టీది, కానీ వోల్టేజీ మాత్రం 48, 72 లాంటి చిన్న బండ్లకి సరిపడేది, వంద దాటదు. కరెంటు 200 ఆంపియర్ల దాకా, మొత్తం పవర్ 15 కిలోవాట్లకి మించదు. లెక్కల మాస్టారు కాబట్టి మీకు చెప్పక్కర్లేదు, 72ని 200తో గుణిస్తే 14,400 వాట్లు. అంటే మీ కారు విషయంలో ఫాస్ట్ ఛార్జింగ్ అంటేనే ఆ పద్నాలుగు పదిహేను కిలోవాట్లు, అంతకుమించి దానికి తీసుకునే శక్తి లేదు.

ఇక హైవే మెషీన్ సంగతి. ఈసారి అటు వెళ్లినప్పుడు దాని పక్కనో వెనకనో ఒక ప్లేటు బిగించి ఉంటుంది, చదవండి. అవుట్‌పుట్ అన్నచోట సాధారణంగా 200 నుంచి 1000 వోల్టులు అనో, 150 నుంచి 1000 అనో రాసి ఉంటుంది. కింది అంకె చూడండి, అక్కడే ఉంది మీ సమస్య మొత్తం. ఆ మెషీన్ ఎంత తగ్గినా 150 కిందకి దిగదు, మీ బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు కూడా వంద దాకా రాదు. నెక్సాన్ లాంటి బండికి బ్యాటరీ 320 వోల్టుల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి దానికి ఏ పేచీ లేదు.

మరి అడాప్టర్ ఏం చేస్తుంది? రెండు పనులు. గన్ను మూతి ఆకారం మారుస్తుంది, సీసీఎస్ భాషని జీబీ/టీ భాషలోకి మారుస్తుంది. సీసీఎస్‌లో కారూ మెషీనూ ఒక సన్న సిగ్నల్ పిన్ను మీద పవర్‌లైన్ పద్ధతిలో మాట్లాడుకుంటాయి, జీబీ/టీలో క్యాన్ అనే వేరే పద్ధతి, అందుకే మీ అడాప్టర్ లోపల చిన్న కంప్యూటరు లాంటిది ఉంటుంది, పచ్చ లైటు దానిదే. కానీ అసలు కరెంటు పారే దారిలో మాత్రం ఉన్నవి రెండు లావుపాటి రాగి కడ్డీలే. అటు ఎన్ని వోల్టులు వస్తే ఇటూ అన్నే. పెళ్లిళ్ల పేరయ్య ఇటు మాట అటూ అటు మాట ఇటూ చేరవేయగలడు కానీ పెళ్లికొడుకు ఎత్తు పెంచలేడు కదా, ఇదీ అంతే.

'ప్రిపేరింగ్' అని స్క్రీన్ మీద తిరుగుతున్నంత సేపూ లోపల ఏం జరుగుతోందో తెలిస్తే ఏ అడాప్టర్ దగ్గరైనా సగం టెన్షన్ తగ్గుతుంది, అందుకని కాస్త వివరంగా రాస్తున్నాను. గన్ను పెట్టగానే ముందు అది సరిగ్గా కూర్చుందా లేదా అని సిగ్నల్ పిన్నుల ద్వారా కారు చూసుకుంటుంది. తర్వాత రెండూ పలకరించుకుంటాయి. ఆ తర్వాత కారు తన వివరాలు చెప్తుంది, నా గరిష్ఠ వోల్టేజీ ఇంత, గరిష్ఠ కరెంటు ఇంత అని. మెషీన్ తన హద్దులు చెప్తుంది. రెండూ కుదిరితే గన్ను లాక్ పడుతుంది, మెషీన్ తీగల్లోకి వోల్టేజీ పంపి ఎక్కడైనా లీకేజీ ఉందేమోనని పరీక్షిస్తుంది, అప్పుడు తన వోల్టేజీని బ్యాటరీ వోల్టేజీకి సమానంగా తెస్తుంది, తేడా 20 వోల్టుల లోపుకి వచ్చాకే కారు లోపలి కాంటాక్టర్లు, అంటే బ్యాటరీని తీగలకి కలిపే పెద్ద స్విచ్‌లు, టక్కుమని మూసుకుంటాయి. ఆ శబ్దం కారు పక్కన నిలబడితే వినిపిస్తుంది. కరెంటు పారడం అక్కడి నుంచే. మీ కారు వ్యవహారం మూడో మెట్టు దగ్గరే తెగిపోతోంది. పలకరింపు అయింది, అందుకే పచ్చ లైటు. వివరాలు చెప్పుకునేటప్పుడు హద్దులు కలవలేదు, అందుకే ఎర్రర్. ఒకవేళ ఏ మెషీనైనా ఆ మెట్టు దాటనిచ్చినా, తన వోల్టేజీని 72కి దించలేదు కాబట్టి కాంటాక్టర్లు మూసుకునే ఘట్టం రాదు. మీరు ఆ టక్కుమనే శబ్దం ఒక్కసారి కూడా విని ఉండరు.

ఇప్పుడు ఆ మెకానిక్ మాట. సాఫ్ట్‌వేర్ మార్చడమంటే అతను చెయ్యగలిగింది ఒక్కటే, అడాప్టర్ చేత మెషీన్‌కి అబద్ధం చెప్పించడం, ఈ బండి 200 వోల్టుల పైన తీసుకుంటుంది అని. మెషీన్ నమ్మితే 72 వోల్టుల బ్యాటరీ మూతి దగ్గర 200 వోల్టులు వచ్చి నిలబడతాయి. కారు బీఎంఎస్, అంటే బ్యాటరీకి కాపలా కాసే కంప్యూటరు, తెలివిగా ఆపేస్తే నష్టం కాంటాక్టర్లతో పోతుంది, ఆపలేకపోతే ఏమవుతుందో నేను రాయక్కర్లేదు. మీ ఇంటి ముందు ఆగే కారు అది, పిల్లలు ఎక్కే కారు. అతను మంచివాడే అయ్యుండొచ్చు, ఇన్వర్టర్లు బ్రహ్మాండంగా బాగుచేస్తాడేమో, ఇది మాత్రం వద్దు.

అడాప్టర్ అమ్మినవాళ్లు అన్ని జీబీ/టీ కార్లకీ పనిచేస్తుందని పేజీలో రాసి ఉంటారు. వాళ్ల దృష్టిలో జీబీ/టీ కారంటే చైనాలో తయారై దుబాయ్‌కో మధ్య ఆసియా దేశాలకో వెళ్లిన బండి, దాని బ్యాటరీ మూడు నాలుగు వందల వోల్టులు ఉంటుంది, అక్కడి సీసీఎస్ 2 మెషీన్లకి అది చక్కగా సరిపోతుంది. మన 72 వోల్టుల జీబీ/టీ అనేది వాళ్ల లెక్కలోనే లేదు. కానీ ఆ సంగతి వాళ్లు రాయలేదు కాబట్టి బాధ్యత వాళ్లదే. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ప్రకటించిన లక్షణాలు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఆ పేజీ ఇంకా ఉండగానే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, రేపు మార్చేస్తే మీ దగ్గర ఆధారం ఉండదు. మెషీన్ మీది ఎర్రర్ ఫోటో, మీ కారు ప్లేటు మీదో మాన్యువల్‌లోనో ఉన్న వోల్టేజీ ఫోటో కూడా జతచేసి మెయిల్ పెట్టండి, ఫోన్లో మాట్లాడి వదిలేయొద్దు. వాళ్లు సతాయిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెయ్యండి, ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు. కారు అమ్మినతని నోటిమాటకి మాత్రం రుజువు లేదు కాబట్టి అక్కడ గొడవపడి లాభం తక్కువ, అడిగి చూడండి, అంతే.

ఇది చదివే మిగతావాళ్లకి ఒక మాట, సెకండ్ హ్యాండ్‌లో టిగోర్ ఈవీ చూస్తున్నవాళ్లు పేరు చూసి మోసపోకండి. 2021లో వచ్చిన కొత్త టిగోర్ ఈవీ పూర్తిగా వేరే బండి, 26 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, నేరుగా సీసీఎస్ 2 సాకెట్. పాతదానికి అది లేదు. కొనేముందు ఛార్జింగ్ మూత తీసి చూడండి, పైన ఏడు చిన్న రంధ్రాలు, కింద రెండు పెద్దవి ఉంటే సీసీఎస్ 2. గుండ్రంగా తొమ్మిది పిన్నులతో ఉంటే జీబీ/టీ. ఈ ఒక్క చూపుకి అరవై వేలు మిగులుతాయి.

మీ బావమరిది చెప్పింది అబద్ధం కాదు, కానీ అక్కడి కథ వేరు. అమెరికాలో టెస్లా గన్ను ఒక ఆకారం, మిగతా కంపెనీలది సీసీఎస్ 1 అని ఇంకో ఆకారం. 2024 నుంచి ఫోర్డ్‌తో మొదలుపెట్టి ఒక్కో కంపెనీ కార్లకీ టెస్లా తన సూపర్‌ఛార్జర్లని అడాప్టర్‌తో వాడుకోనిస్తోంది. అక్కడి కార్ల బ్యాటరీలు ఎక్కువగా నాలుగు వందల వోల్టుల ప్రాంతంలోవే, కొత్త సూపర్‌ఛార్జర్లు మాట్లాడే భాష కూడా సీసీఎస్‌దే. అంటే మారాల్సింది ఆకారం ఒక్కటే, కాబట్టి అడాప్టర్ అంటే రాగి, ప్లాస్టిక్, ఒక లాకు, అంతే. అక్కడ కూడా పాత రకం సూపర్‌ఛార్జర్ల భాష వేరు కాబట్టి వాటి దగ్గర ఇతర కంపెనీల బండ్లకి పని జరగదు. ఆయన ప్రేమకొద్దీ అక్కడి అడాప్టర్ ఒకటి సూట్‌కేసులో పెట్టి తెస్తానంటే వద్దని చెప్పండి, మన సీసీఎస్ 2కి వాళ్ల సీసీఎస్ 1కి పైభాగం ఆకారమే వేరు, ఇక్కడి గన్నుకి పట్టదు.

నిజంగా సరిపడే అడాప్టర్ ఉన్నవాళ్లకి, అంటే వోల్టేజీ కుదిరి, కారు కంపెనీయో ఛార్జర్ కంపెనీయో ఒప్పుకున్న అడాప్టర్ అయ్యి, అయినా ఒక్కోసారి మొరాయిస్తుంటే చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ ఒప్పుకోవడమనేది ఊరికే అనడం లేదు, డీసీ గన్నుకీ, అంటే ఫాస్ట్ ఛార్జింగ్ గన్నుకీ, కారుకీ మధ్య పెట్టే అడాప్టర్‌కి ఆ అనుమతి ఉండాలని అంతర్జాతీయ ప్రమాణమే చెప్తుంది. పలకరింపు దగ్గరే ఆగిపోతుంటే ముందు గన్ను బరువు చూడండి, ఆ కేబులు లావుగా బరువుగా ఉంటుంది, అడాప్టర్ వల్ల గన్ను ఇంకో జానెడు బయటికి వేలాడుతుంది, ఆ బరువుకి కిందికి వంగి చిన్న సిగ్నల్ పిన్నులు సరిగ్గా తగలవు, లాక్ పడేదాకా గన్నుని చేత్తో కాస్త పైకెత్తి పట్టుకుంటే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. భాష మార్చే రకం అడాప్టర్లలో చాలావాటికి సొంత బ్యాటరీ ఉంటుంది, నెల రోజులు డిక్కీలో పడేస్తే అది అయిపోతుంది, యూఎస్‌బీ ఛార్జర్‌తో నింపి చూడండి. అదే మెషీన్‌కి రెండో గన్ను ఉంటే అది ప్రయత్నించండి, తర్వాత వేరే కంపెనీ మెషీన్. ఒక కంపెనీ మెషీన్‌లో ఎక్కి ఇంకోదానిలో ఎక్కకపోతే అది భాష పేచీ, అడాప్టర్ తయారుచేసినవాళ్లే అప్‌డేట్ ఇవ్వాలి. ఎక్కడా ఎక్కకపోతే అడాప్టర్‌నో కారునో అనుమానించాలి.

ఛార్జింగ్ మొదలై పది నిమిషాలకి కరెంటు పడిపోతుంటే అది వేడి కావచ్చు. గన్ను మూతి దగ్గర ఉష్ణోగ్రత చూసే సెన్సర్ ఉంటుంది, కానీ అడాప్టర్ పెట్టాక కారుకి తగిలేది గన్ను కాదు, అడాప్టర్ పిన్నులు. నాసిరకం అడాప్టర్‌లో అక్కడ సెన్సర్ ఉండదు, అక్కడ వేడెక్కినా మెషీన్‌కి తెలియదు. ప్లాస్టిక్ రంగు మారినా, వాసన వచ్చినా అక్కడితో ఆ అడాప్టర్ వాడకం ఆపేయాలి. 80 శాతం దాటాక కరెంటు తగ్గడం మాత్రం మామూలే, దానికి అడాప్టర్‌ని తిట్టకండి. ఇక అన్నిటికంటే ముఖ్యం, ఛార్జింగ్ నడుస్తుండగా గన్ను లాగొద్దు. కారు అడాప్టర్‌ని లాక్ చేసి పట్టుకుంటుంది, కానీ అడాప్టర్‌కీ గన్నుకీ మధ్య లాకు సరిగా లేని రకాలు అమ్ముతున్నారు, ఎవరో తొందరపడి గన్ను లాగితే అక్కడ మంట లేస్తుంది. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి ఆ మెరుపు దానంతటదే తెగుతుంది, డీసీ అలా రాదు, దూరం పెరిగే కొద్దీ మంట సాగుతుంది. స్టాప్ నొక్కి, స్క్రీన్ మీద కరెంటు సున్నా అయ్యాక తియ్యాలి.

మీ తోడల్లుడి నెక్సాన్ విషయం అసలు మీ సమస్యే కాదు. ఇందాక చెప్పాను కదా, కరెంటు పంపేముందు మెషీన్ లీకేజీ పరీక్ష చేస్తుందని, ఆయన బండి ఆ మెట్టు దగ్గర ఆగుతోంది. వోల్టుకి 100 ఓమ్‌ల లెక్కన కనీసం ఇన్సులేషన్ (కరెంటు బయటికి కారకుండా ఆపే నిరోధం) ఉండాలి, అంటే 400 వోల్టులకి 40,000 ఓమ్‌లు. వినడానికి పెద్ద అంకెలా ఉంటుంది కానీ తడి ప్లాస్టిక్ మీద ఉప్పు పొర ఉంటే అది నిలబడటం కష్టం. నరసాపురం, అంతర్వేది, పేరుపాలెం వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్లలో మెషీన్ కవర్ మీద చెయ్యి పెట్టి రాస్తే వేలికి జిడ్డుగా తగులుతుంది చూడండి, అది గన్ను లోపల కూడా చేరుతుంది. పైగా ముందు వాడినాయన గన్నుని హోల్డర్‌లో పెట్టకుండా నేలమీద పడేసి వెళ్తే వాన నీళ్లు లోపలికి పోతాయి. తోడల్లుడు గారు గన్ను పెట్టేముందు మూతి కిందికి తిప్పి ఒకసారి విదిలించాలి, లోపల తడి కనిపిస్తే రెండో గన్ను చూసుకోవాలి. గుడ్డలు పుల్లలు లోపల దూర్చి తుడవడం, స్ప్రేలు కొట్టడం వద్దు. పొడిగా ఉన్న రోజున కూడా రెండు మూడు వేర్వేరు మెషీన్ల దగ్గర అదే ఎర్రర్ వస్తే మాత్రం లోపం కారులో ఉన్నట్టు, షోరూమ్‌కి వెళ్లి ఇన్సులేషన్ పరీక్ష చేయించమనండి. వానలప్పుడు మాత్రమే, అదీ ఒకే మెషీన్ దగ్గరైతే ఆ మెషీన్ మీద రాసున్న నంబరుకి ఫోన్ చేసి చెప్తే చాలు.

ఇప్పుడు మీ ఇంటి ప్లగ్గు. మామూలు సాకెట్ అని రాశారు, అంటే ఫ్యాను, ఫోను పెట్టుకునే ఐదు ఆంప్స్ సాకెట్. దానికి కన్వర్టర్ తగిలించి పదిహేను ఆంప్స్ ప్లగ్గు పెట్టారు. కారు పన్నెండు పద్నాలుగు ఆంపియర్ల దాకా లాగొచ్చు, అదీ రాత్రంతా ఆగకుండా. గీజర్ కూడా బాగానే లాగుతుంది కానీ పావుగంటలో ఆగిపోతుంది, సాకెట్ చల్లారడానికి టైము దొరుకుతుంది, కారు ఆ టైము ఇవ్వదు. లెక్క వేసి చూడండి, సాకెట్ లోపలి రేకు వదులై అక్కడ 0.1 ఓమ్ నిరోధం ఉందనుకోండి. 14 వర్గం 196, దాన్ని 0.1తో గుణిస్తే దాదాపు 20 వాట్లు. చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. అంత వేడి మీ గోడలోని ప్లాస్టిక్ డబ్బాలో రాత్రంతా పుడుతోంది, మీరు పక్క గదిలో నిద్రపోతున్నారు. కన్వర్టర్ తీసి దాని పిన్నులు చూడండి, ఒక పిన్ను చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి కాస్త ఉబ్బి ఉంటుంది, దాదాపుగా ఖాయం. సాకెట్ కూడా పాడైపోయి ఉంటుంది, అందులో ఇక ఫ్యాను కూడా పెట్టకండి.

చేయించాల్సింది ఇది. మీటరు దగ్గరున్న బోర్డు నుంచి కారు నిలిపే చోటుకి విడిగా ఒక లైను, దాని మీద ఇంకేమీ ఉండకూడదు. నాలుగు స్క్వేర్ ఎంఎం రాగి తీగ వేయించండి, రెండున్నరతో సరిపెడదామని ఎలక్ట్రీషియన్ అంటాడు, దూరం ఎక్కువైతే వోల్టేజీ పడిపోతుంది, ఖర్చు తేడా పెద్దగా లేదు. చివర మంచి కంపెనీ పదహారు ఆంప్స్ సాకెట్, వానజల్లు పడకుండా డబ్బా, ఇవతల ఎంసీబీ (కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్), 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్). ఆర్‌సీసీబీ గురించి ఖర్చెందుకని అనుకోకండి, మన వైపు కారు కింద నేల ఏడాదిలో సగం రోజులు తడిగానే ఉంటుంది. పని అయ్యాక అరగంట ఛార్జింగ్ పెట్టి, స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి పట్టుకుని చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు, చేతిలో పట్టుకోలేకపోతే మళ్లీ ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఎర్తింగు కూడా అదే రోజు చూపించుకోండి. మల్టీమీటర్‌తో ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 దగ్గర ఉంటే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే చూపించాలి. 90, 130 అని ఊగిసలాడితే ఎర్తింగు లేనట్టే. మన దగ్గర కొన్ని అడుగులు తవ్వితేనే నీళ్లు పడతాయి కాబట్టి భూమిలో తడికి లోటు లేదు, కానీ ఉప్పునీటి ఊళ్లలో జీఐ పైపునీ దాని క్లాంపునీ తుప్పు తినేస్తుంది, పైకి గొయ్యి బ్రహ్మాండంగా కనిపిస్తుంది, తీగ మాత్రం ఊడిపోయి ఉంటుంది. కొందరు కారు ఛార్జర్ మీద ఎర్త్ ఫాల్ట్ లైటు ఆరిపోవడానికి సాకెట్లోనే న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలిపేస్తారు. లైటు ఆరుతుంది నిజమే, కానీ ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే కారు బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. మీ ఇంట్లో ఎవరైనా అలా చేసి ఉంటే వెంటనే తీయించండి.

రాత్రిళ్లు ఛార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతున్నా, మధ్యలో ఆగిపోతున్నా వోల్టేజీ కూడా కొలవండి, కారు పెట్టకముందు ఒకసారి, పెట్టాక ఒకసారి. పెట్టగానే ఇరవై వోల్టులు పడిపోతే తప్పు ఇంటి వైరింగుది. కారు పెట్టకముందే తక్కువుంటే తప్పు బయటిది. మీ ఊరి చుట్టూ రొయ్యల చెరువులుంటే, ఇళ్ల లైనూ వాటి లైనూ ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీద ఉంటే, తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయే వేళకి ఎయిరేటర్లన్నీ తిరుగుతుంటాయి, సరిగ్గా అదే టైములో మీ కారు కూడా ఛార్జింగ్‌లో ఉంటుంది. అలాంటప్పుడు బడి నుంచి రాగానే సాయంత్రమే పెట్టేయడం, ఆదివారం పగలు నింపుకోవడం మంచిది. మరీ తక్కువగా ఉంటే 1912కి కంప్లయింట్ ఇవ్వండి, వీధిలో ఇంకో నలుగురి చేత కూడా ఇప్పిస్తే లైన్‌మన్ త్వరగా వస్తాడు.

మీ బండికి నిజమైన ఫాస్ట్ ఛార్జింగ్ కావాలంటే భారత్ డీసీ 001 మెషీనే వెతుక్కోవాలి. కేంద్ర ప్రభుత్వం పెట్టిన 'ఈవీ యాత్ర' యాప్‌లో గన్ను రకం చూసి వెతకండి, కనిపించినా సరే బయల్దేరే ముందు అక్కడికి ఫోన్ చేసి పనిచేస్తోందో లేదో కనుక్కోండి, పాత మెషీన్లు చాలావాటిని పట్టించుకునేవాళ్లు లేరు. మీ కారు రోజువారీ స్కూలుకీ భీమవరానికీ రాత్రి ఇంటి ఛార్జింగ్‌తో హాయిగా సరిపోతుంది, ఆ వాడకానికి నేను దాన్ని చెడ్డ బేరం అనను. అన్నవరం మాత్రం వేరు. మీ మోడల్‌కి పరీక్షల్లో ఇచ్చిన అంకె ఒక్కసారి ఛార్జింగ్‌తో 142 కిలోమీటర్లు, 2019 చివర్లో వచ్చిన పెద్ద బ్యాటరీ రకమైతే 213, అది కూడా కొత్త బ్యాటరీకి. ఆఫీసు అద్దెల్లో ఏళ్ల తరబడి తిరిగిన బ్యాటరీ, ఏసీ, నిండా మనుషులు, హైవే వేగం అన్నీ కలిస్తే అందులో ఎంత మిగులుతుందో ముందు మీ ఊరి చుట్టుపక్కలే తిప్పి చూసుకోవాలి. ఒకే రోజులో వెళ్లి రావాలంటే అద్దె కారు మాట్లాడుకోండి. రాజమండ్రిలోనో కాకినాడలోనో చుట్టాలుండి, వెళ్లేటప్పుడు ఒక రాత్రి, వచ్చేటప్పుడు ఒక రాత్రి ఆగగలిగితే మీ కారులోనే వెళ్లొచ్చు, కాకపోతే వాళ్లింట్లో కారు దాకా తీగ అందే చోట పదిహేను ఆంప్స్ పాయింటు ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి.